ఈపీఏబీఎక్స్‌కి మోడెమ్ తగిలించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసు, హోటల్, ఆస్పత్రి, ఫ్యాక్టరీ ఎక్కడైనా సరే ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లన్నిటినీ కలిపే సొంత చిన్న ఎక్స్చేంజ్) ఉందంటే దాని మీదే మోడెమ్ (డేటాని శబ్దంగా మార్చి ఫోన్ లైన్ మీద పంపే డబ్బా) కూడా నడిపేద్దాం అని ఎవరో ఒకరు అంటారు, ఇంక అక్కణ్ణుంచి ప్రశ్నలు మొదలు. ఎక్కువగా అడిగేవన్నీ జవాబులతో ఇక్కడ ఒకచోట పెడుతున్నా. బ్రాడ్‌బ్యాండ్ కాలంలో ఇంకా మోడెమ్ ఏంటి అనుకునేవాళ్లు ఉంటారు కానీ కరెంటు మీటర్ రీడింగులు, ఫైర్ అలారం ప్యానెళ్లు, పంప్‌హౌస్‌లో రీడింగులు దూరానికి పంపే ఆర్టీయూ డబ్బాలు, పాత స్వైపింగ్ మెషీన్లు, ఆఖరికి ఆ ఈపీఏబీఎక్స్‌నే దూరం నుంచి ప్రోగ్రామ్ చేసుకునే పోర్టు, ఇవి ఇంకా చాలాచోట్ల ఫోన్ లైన్ మీద డేటా కాల్‌తోనే నడుస్తున్నాయి, వాటిని చూసుకునే కుర్రాళ్లకి విడమర్చి చెప్పేవాళ్లే తగ్గిపోయారు.

ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేదంతా ఈజీగా ఎక్కుతుంది. ఈపీఏబీఎక్స్‌ని మనిషి చెవి కోసం తయారు చేశారు. మనకి సుఖంగా ఉండాలని పెట్టిన బీప్‌లు, కాల్ వెయిటింగ్, మధ్యలో దూరి మాట్లాడే సౌకర్యం, గొంతుని కుదించి పంపడం, వీటిలో చాలావరకు మోడెమ్‌కి అడ్డమే. మన పనల్లా ఆ ఒక్క పోర్టులో వాటన్నిటినీ ఆపెయ్యడం.

కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ప్లస్ అంటే + గుర్తు, అండ్ అంటే & గుర్తు.

ప్ర: అసలు ఎక్స్‌టెన్షన్ మీద మోడెమ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కాకపోతే అది అనలాగ్ ఎక్స్‌టెన్షన్ అయ్యుండాలి. మన ఫీల్డులో ఎస్ఎల్‌టీ పోర్టు అంటాం కదా, అదే. మామూలు ఇంటి ఫోన్ పెడితే ఏది పనిచేస్తుందో దాంట్లో మోడెమ్ కూడా పనిచేస్తుంది. మేనేజర్ టేబుల్ మీద డిస్‌ప్లే, బోలెడు బటన్లు ఉన్న పెద్ద ఫోన్ ఉంటుంది చూడండి, దాని వెనక ఉండేది డీకేపీ పోర్టు, అంటే డిజిటల్, దాంట్లో మోడెమ్ పెట్టకూడదు. రెండింటికీ సాకెట్ చూడ్డానికి ఒకటే, ప్లగ్ కూడా హాయిగా దిగిపోతుంది, గొడవంతా అక్కడే వస్తుంది.

ప్ర: మరి నా గోడ మీదున్న సాకెట్ ఏదో ఎలా తెలుస్తుంది?

ముందు ఒక మామూలు ఫోన్, వీలైతే పాతది, పోయినా బాధ లేనిది పెట్టి చూడండి. డయల్‌టోన్ వచ్చి, పక్క ఎక్స్‌టెన్షన్ నంబర్ కొడితే మోగిందంటే అనలాగ్. టోన్ లేకుండా నిశ్శబ్దంగా ఉన్నా, బుస్సుమని ఏదో శబ్దం వచ్చినా వెంటనే తీసెయ్యండి.

మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు అనలాగ్ ఎక్స్‌టెన్షన్ మీద ఈపీఏబీఎక్స్‌ని బట్టి 24 నుంచి 48 వోల్టుల దాకా డీసీ కనపడుతుంది, రిసీవర్ ఎత్తగానే అది పది వోల్టుల చుట్టుపక్కలకి పడిపోతుంది. కానీ ఒట్టి వోల్టేజీ చూసి నిర్ణయించకండి, డిజిటల్ పోర్టు మీద కూడా డీసీ ఉంటుంది. ఎత్తితే పడాలి, టోన్ రావాలి, రెండూ జరిగితేనే నమ్మండి. ఇంకోటి, రింగ్ వచ్చే టైంలో వైర్లు చేత్తో పట్టుకోవద్దు, దాదాపు 75 వోల్టుల ఏసీ వస్తుంది, ప్రాణం తీయదు గానీ నిచ్చెన మీద ఉన్నోడిని కింద పడేస్తుంది.

అన్నిటికంటే గట్టి రుజువు ఎండీఎఫ్ (బిల్డింగ్ ఫోన్ వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె) దగ్గర ఉంటుంది. ఆ పెయిర్ (వైర్ల జత) ఈపీఏబీఎక్స్‌లో ఏ కార్డు నుంచి వస్తోందో చూడండి, కార్డు మీదే రాసుంటుంది. పానసోనిక్ లాంటివాటిలో హైబ్రిడ్ పోర్టులు కూడా ఉన్నాయి, నాలుగు వైర్లలో మధ్య పెయిర్ అనలాగ్, బయటి పెయిర్ డిజిటల్ ఫోన్‌కి డేటా. అక్కడ మోడెమ్ పెట్టొచ్చు, రెండు వైర్ల ఫోన్ తీగే వాడండి, నాలుగు వైర్లది వద్దు.

ప్ర: డిజిటల్ పోర్టులో పొరపాటున పెట్టేస్తే మోడెమ్ కాలిపోతుందా?

కాలిపోవచ్చు. మామూలు టెలిఫోన్ లైన్‌లో కరెంటు 20 నుంచి 40 మిల్లీఆంపుల చుట్టూ ఉంటుంది, ఎక్స్చేంజో ఈపీఏబీఎక్సో దాన్ని అదుపులో ఉంచుతుంది. డిజిటల్ పోర్టు తన ఫోన్‌కి, దాని డిస్‌ప్లేకి పవర్ ఇవ్వాలి కాబట్టి అంతకంటే ఎక్కువ ఇవ్వగలదు. మోడెమ్ లైన్ ఎత్తగానే అదంతా లోపలి చిన్న ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. ల్యాప్‌టాప్‌ల పాత కార్డ్ మోడెమ్‌లు ఇలాగే ఎక్కువ పోయేవి, హోటల్ రూముల్లో డిజిటల్ ఫోన్ సాకెట్‌కి తగిలించి. అందుకే తర్వాత కొన్ని కంపెనీలు డిజిటల్ లైన్ కనపడితే ఎత్తకుండా ఆగిపోయే మోడెమ్‌లు తెచ్చాయి.

కాలకపోయినా కాల్ మాత్రం వెళ్లదు. ఆ వైర్ల మీద నడిచేది ఆ కంపెనీ సొంత డిజిటల్ భాష, మోడెమ్‌కి అందులో డయల్‌టోనే కనపడదు.

ప్ర: మా దగ్గర అన్నీ డిజిటల్ ఫోన్లే, అనలాగ్ పోర్టు ఒక్కటి కూడా లేదు. ఏంటి దారి?

ఈపీఏబీఎక్స్ షాసీలో ఖాళీ స్లాట్ ఉంటే ఎస్ఎల్‌టీ కార్డు వేయించుకోవడం నయం. నాలుగో ఎనిమిదో పోర్టులు వస్తాయి, ఫ్యాక్స్‌కి, స్వైపింగ్ మెషీన్‌కి, కార్డ్‌లెస్ ఫోన్‌కి కూడా పనికొస్తాయి.

స్లాట్ లేదంటే అదే కంపెనీ అమ్మే అనలాగ్ అడాప్టర్ తీసుకోవాలి. నార్టెల్ నార్‌స్టార్ లాంటి కీ సిస్టమ్‌లకి (చిన్న ఆఫీసుల ఫోన్ సిస్టమ్‌లు) ఏటీఏ అనే చిన్న డబ్బా వచ్చేది, ఒకపక్క డిజిటల్ పోర్టు, ఇంకోపక్క మోడెమ్ పెట్టే మామూలు సాకెట్. వేరే కంపెనీ డబ్బా పనిచెయ్యదు, ఎవరి డిజిటల్ భాష వాళ్లది. కొనేముందు అది డేటాకి పనికొస్తుందా, ఎంత స్పీడు దాకా అని మాన్యువల్‌లో చూసుకోండి.

డిజిటల్ ఫోన్ రిసీవర్ తీగ దగ్గర తగిలించే అడాప్టర్లు కూడా కొన్నాళ్లు నడిచాయి. అత్యవసరానికి ఓకే, రోజూ వాడే పనికి నేనైతే చెప్పను.

ప్ర: డయల్ చేయగానే "నో డయల్‌టోన్" అని వస్తోంది. ఫోన్ పెట్టి వింటే టోన్ బాగానే వస్తోంది మరి?

చాలా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. మీకు వినపడేది ఈపీఏబీఎక్స్ ఇచ్చే లోపలి టోన్. దాని ఫ్రీక్వెన్సీ, ఆగి ఆగి వచ్చే తీరు బయటి ఎక్స్చేంజ్ టోన్ లాగే ఉండాలని రూలేం లేదు. మోడెమ్ తన దేశం సెట్టింగ్‌లో ఉన్న టోన్ కోసమే వింటుంది, అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన మోడెమ్ 350, 440 హెర్ట్జ్ కలిపిన టోన్ కోసం చూస్తుంది, మన దగ్గర 400 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. అందుకని ముందు కంట్రీ సెట్టింగ్ ఇండియాకి మార్చి చూడండి.

అప్పటికీ రాకపోతే ఏటీ ఎక్స్3 ఇవ్వండి. దాని అర్థం టోన్ కోసం ఆగకుండా గుడ్డిగా డయల్ చెయ్యి, ఎంగేజ్ టోన్ వస్తే మాత్రం చెప్పు అని. విండోస్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఫోన్ అండ్ మోడెమ్‌కి వెళ్లి డయల్ చేసేముందు టోన్ కోసం ఆగు అనే టిక్కు తీసేసినా అదే పని. గుడ్డిగా డయల్ చేసేటప్పుడు ఎన్ని సెకన్లు ఆగాలో ఎస్6 రిజిస్టర్ (మోడెమ్ తన సెట్టింగ్ దాచుకునే చోటు) చెప్తుంది, ఈపీఏబీఎక్స్ టోన్ ఇవ్వడానికి టైం తీసుకునే రకమైతే దాన్ని 4 చేయండి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఆ ఎక్స్‌టెన్షన్‌కి వాయిస్ మెయిల్‌లో మెసేజ్ ఉన్నా, ఎవరైనా కాల్ ఫార్వర్డ్ పెట్టినా కొన్ని ఈపీఏబీఎక్స్‌లు తెగి తెగి వచ్చే టోన్ ఇస్తాయి. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోయింది అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే. మోడెమ్ పోర్టుకి వాయిస్ మెయిల్ బాక్స్ అసలు ఇవ్వకండి.

ప్ర: బయటి లైన్ కోసం 0 కొట్టాలి కదా, నంబర్ ఎలా రాయాలి?

0 తర్వాత కామా పెట్టండి. ఒక్కో కామాకి మామూలుగా 2 సెకన్లు ఆగుతుంది, ఆ సెకన్లు ఎస్8 రిజిస్టర్‌లో మార్చుకోవచ్చు. విజయవాడ ఆఫీసు నుంచి హైదరాబాద్ మోడెమ్‌కి అయితే ఏటీడీటీ 0,,040 ఆ తర్వాత ఎనిమిది అంకెల నంబర్. మొదటి సున్నా ఈపీఏబీఎక్స్‌కి, రెండో సున్నా ఎస్టీడీకి. ఇద్దరికీ కలిపి ఒకే సున్నా కొట్టి రాంగ్ నంబర్ వస్తోందని తల పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కామా బదులు డబ్ల్యూ పెడితే రెండో డయల్‌టోన్ వచ్చేదాకా ఆగుతుంది. ట్రంక్ (ఈపీఏబీఎక్స్‌కి వచ్చే బయటి లైన్) దొరకడానికి ఒకసారి 1 సెకను, ఒకసారి 5 సెకన్లు పట్టే చోట కామాలకంటే ఇది నయం, కాకపోతే బయటి టోన్‌ని మోడెమ్ గుర్తుపట్టగలగాలి. పీఆర్ఐ (ఒకేసారి 30 కాల్స్ తెచ్చే డిజిటల్ ట్రంక్) ఉన్నచోట చాలా ఈపీఏబీఎక్స్‌లు రెండో టోన్ ఇవ్వవు, అక్కడ డబ్ల్యూ పెడితే ఎంతసేపు కూర్చున్నా కాల్ కదలదు.

ప్ర: ఏటీడీ తర్వాత టీ, పీ రెండున్నాయి, ఏది పెట్టాలి?

టీ. అంటే టోన్. పీ అంటే పల్స్, పాత స్ట్రౌజర్ ఎక్స్చేంజ్‌ల కాలంది. ఇప్పుడు దాని అవసరం రాదు.

ప్ర: లోకల్ వెళ్తోంది, ఎస్టీడీ వెళ్లట్లేదు. ఇంకో చోట కరెక్టుగా కొన్ని నిమిషాలకి కట్ అవుతోంది.

రెండూ మోడెమ్ తప్పు కాదు, ఈపీఏబీఎక్స్ ప్రోగ్రామింగ్. మొదటిది క్లాస్ ఆఫ్ సర్వీస్, ఆ ఎక్స్‌టెన్షన్‌కి ఎస్టీడీ బార్ చేసి ఉంటారు. రెండోది కాల్ డ్యూరేషన్ కంట్రోల్, స్టాఫ్ ఎక్కువసేపు మాట్లాడకూడదని పెట్టేది. ప్రతిసారీ ఒకే టైంకి కట్ అవుతుంటే వాచీ పెట్టుకుని చూడండి, సెకను తేడా లేకుండా ఉంటే అదే. మోడెమ్ పోర్టుకి విడిగా ఒక క్లాస్ చేసి, దానికి కావాల్సిన నంబర్లు మాత్రమే తెరిచి, టైం లిమిట్ తీసెయ్యమనండి.

ప్ర: 56కే మోడెమ్ కొన్నాను. డైరెక్ట్ లైన్ మీద 45, 48 వస్తోంది, ఈపీఏబీఎక్స్ మీద 33.6 కేబీపీఎస్ (సెకనుకి వేల బిట్లు) దాటట్లేదు, ఒక్కోసారి 26.4. మోడెమ్ పోయిందా?

మోడెమ్‌కి ఏం కాలేదు. ఇది వివరంగా చెప్పాల్సిన విషయం.

1998లో వచ్చిన వి.90 స్టాండర్డ్ ఒక షరతు మీద నడుస్తుంది. అవతలి పక్క, అంటే సర్వీస్ ఇచ్చేవాళ్ల పక్క, డిజిటల్‌గా నెట్‌వర్క్‌లో కలిసి ఉండాలి, అక్కణ్ణుంచి మీ మోడెమ్ దాకా డిజిటల్ నుంచి అనలాగ్‌కి ఒక్కసారే మారాలి. ఇంట్లో డైరెక్ట్ లైన్ అయితే ఆ ఒక్క మార్పు ఎక్స్చేంజ్‌లో మీ లైన్ కార్డు దగ్గర జరుగుతుంది, సరిపోయింది.

ఇప్పుడు మధ్యలో డిజిటల్ ఈపీఏబీఎక్స్, దానికి మామూలు రాగి తీగ ట్రంక్ అనుకోండి. ఎక్స్చేంజ్‌లో అనలాగ్ అయింది, తీగ మీద మీ ఆఫీసుకి వచ్చింది, ట్రంక్ కార్డు దాన్ని మళ్లీ సెకనుకి 8000 శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు చొప్పున డిజిటల్ చేసింది, ఎక్స్‌టెన్షన్ కార్డు దాన్ని మళ్లీ అనలాగ్ చేసింది. ఒక్కసారి మారాల్సిన చోట మూడుసార్లు మారింది, దాంతో వి.90 కుదరదు, మోడెమ్‌లు రెండూ మాట్లాడుకుని వి.34కి దిగిపోతాయి, దాని గరిష్ఠం 33.6. పైగా డిజిటల్ చేసిన ప్రతిసారీ కొంచెం నాయిస్ కలుస్తుంది కాబట్టి 28.8, 26.4 రావడం కూడా మామూలే. మీ 26.4 అక్కణ్ణుంచి వచ్చిందే.

మీ ఈపీఏబీఎక్స్‌కి పీఆర్ఐ ఉంటే కథ మారుతుంది. 2 ఎంబీపీఎస్ పీఆర్ఐ అంటే 30 ఛానెళ్లు డిజిటల్‌గానే మీ ఈపీఏబీఎక్స్ లోపలికి వస్తాయి, అనలాగ్‌కి మారేది మీ ఎస్ఎల్‌టీ కార్డు దగ్గర ఒక్కసారే. అక్కడ వి.90 పలికే అవకాశం ఉంది, ఈపీఏబీఎక్స్ మధ్యలో శబ్దం పెంచడం తగ్గించడం లాంటివి డిజిటల్‌గా చెయ్యకుండా ఉంటే. ఆ గెయిన్ సెట్టింగ్‌ని ఆ పోర్టు వరకు సున్నా పెట్టమనండి.

3 లైన్లు 8 ఎక్స్‌టెన్షన్ల చిన్న బాక్సుల్లో చాలావాటికి లోపల స్విచింగ్ కూడా అనలాగే, అవి ఈ విషయంలో పెద్దవాటికంటే మేలు చేస్తాయి. ఖరీదైన సిస్టమ్ పెట్టాక స్పీడు తగ్గిందేంటి అనేవాళ్లకి ఇదే జవాబు.

నా సలహా ఏంటంటే స్పీడు వెనక పడకండి. 1 ఎంబీ ఫైలు 33.6లో సుమారు నాలుగు నిమిషాల్లో వెళ్తుంది. మీటర్ రీడింగ్‌కి, అలారానికి కొన్ని వందల బైట్లు చాలు, వాటికి కావాల్సింది తెగని కనెక్షన్. గరిష్ఠ స్పీడుని ఏటీ ప్లస్ ఎంఎస్ కమాండ్‌తో 14.4కి, అంటే వి.32బిస్‌కి కట్టేస్తే రోజూ నమ్మకంగా కలిసే లింకులు చాలా ఉన్నాయి.

ప్ర: కనెక్ట్ అవుతోంది కానీ మధ్యలో ఆగిపోతోంది, లేదా తెగిపోతోంది.

దీనికి కారణాలు మూడు నాలుగున్నాయి, ఒక్కోటీ చూసుకుంటూ పోవాలి.

మొదటిది కాల్ వెయిటింగ్. మోడెమ్ లైన్లో ఉండగా ఎవరో ఆ ఎక్స్‌టెన్షన్‌కి చేస్తే ఈపీఏబీఎక్స్ బీప్ వేస్తుంది. మనిషికి అది చిన్న బీప్, మోడెమ్‌కి కారియర్, అంటే అవతలి మోడెమ్ కూత, పోయినట్టు. ఆ పోర్టులో కాల్ వెయిటింగ్ తీసెయ్యండి, ఆపరేటర్ మధ్యలో దూరే బార్జ్ ఇన్, క్యాంప్ ఆన్, హోల్డ్ రిమైండర్ అన్నీ కూడా. చాలా ఈపీఏబీఎక్స్‌ల్లో వీటన్నిటినీ ఒక్కసారిగా ఆపే సెట్టింగ్ ఉంటుంది, పానసోనిక్‌లో డేటా లైన్ సెక్యూరిటీ అంటారు, వేరేవాటిలో డేటా ప్రైవసీ లాంటి పేర్లుంటాయి. బయటి లైన్ మీద కూడా కాల్ వెయిటింగ్ ఉందేమో చూసి ఎక్స్చేంజ్‌లో చెప్పి తీయించండి, దీన్ని మర్చిపోతారు.

రెండోది, కారియర్ క్షణం పోతే మోడెమ్ ఎంతసేపు ఓపిక పడుతుందన్నది. ఎస్10 రిజిస్టర్ అది, సెకనులో పదో వంతు లెక్క. చాలావాటిలో 14 ఉంటుంది అంటే 1.4 సెకన్లు. దాన్ని 50 చేస్తే 5 సెకన్లు ఓర్చుకుంటుంది.

మూడోది పీఆర్ఐ ఉన్నచోట వచ్చేది, చాలామందికి తట్టనిది, క్లాక్. మీ ఈపీఏబీఎక్స్, బయటి ఎక్స్చేంజ్ రెండూ సెకనుకి 8000 ఫ్రేములు సరిగ్గా ఒకే వేగంతో పంపుకోవాలి. అందుకోసం ఈపీఏబీఎక్స్ తన సొంత గడియారం పక్కనపెట్టి పీఆర్ఐ మీద వచ్చే క్లాక్‌ని అనుసరించాలి. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఆ సెట్టింగ్ పెట్టకపోతే రెండు గడియారాలు విడివిడిగా నడుస్తాయి. పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా ప్రతి 125 సెకన్లకి ఒక ఫ్రేమ్ జారిపోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. పది లక్షల్లో 50 వంతులు తేడా ఉంటే రెండున్నర సెకన్లకొకటి. దీన్నే స్లిప్ అంటారు.

ఫోన్‌లో మాట్లాడేవాళ్లకి అది చిన్న టిక్కుమనే శబ్దం, అసలు పట్టించుకోరు, ఈపీఏబీఎక్స్ బ్రహ్మాండంగా ఉందంటారు. మోడెమ్ దగ్గర కూర్చుని చూడండి. కారియర్ ఉందని చెప్పే సీడీ లైటు వెలుగుతూనే ఉంటుంది, డేటా పోయేటప్పుడు వచ్చేటప్పుడు వెలిగే టీఎక్స్ ఆర్ఎక్స్ లైట్లు మినుకుమినుకుమంటూ ఉన్నవల్లా ఒక్కసారి చచ్చిపోతాయి, కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, మళ్లీ మినుకుమంటాయి, రెండు నిమిషాలకి మళ్లీ అదే. ఆ నిశ్శబ్దంలో రెండు మోడెమ్‌లూ లైన్‌ని మళ్లీ మొదట్నుంచి కొలుచుకుంటున్నాయి, రీట్రెయిన్ అంటారు. ఆగడం ఒకే లెక్కలో, గడియారం కొట్టినట్టు జరుగుతుంటే వైరింగ్ జోలికి వెళ్లొద్దు, ఈపీఏబీఎక్స్ ప్రోగ్రామింగ్‌లో క్లాక్ సోర్స్ పీఆర్ఐ పోర్టు మీద ఉందో లేదో చూడండి, స్లిప్ కౌంటర్ ఉంటే అది పెరుగుతోందా చూడండి. రెండు ఈపీఏబీఎక్స్‌ల మధ్య ఈ1 టై లైన్ (రెండింటినీ నేరుగా కలిపే డిజిటల్ లింకు) ఉంటే ఒకటి మాస్టర్ (క్లాక్ ఇచ్చేది), రెండోది స్లేవ్ (దాన్ని అనుసరించేది), ఇద్దరూ మాస్టర్లయితే ఇదే తంతు.

ఎప్పుడు పడితే అప్పుడు, ముఖ్యంగా వాన పడ్డాక తెగుతుంటే అది వైరింగ్, కింద చెప్తా.

ప్ర: బయట్నుంచి లోపలి మోడెమ్‌కి కాల్ చేయాలి. రిసెప్షన్‌కి వెళ్లిపోతోంది.

పీఆర్ఐ ఉంటే ఆ మోడెమ్ ఎక్స్‌టెన్షన్‌కి ఒక డీఐడీ నంబర్ (బయట్నుంచి నేరుగా చేసే సొంత నంబర్) కేటాయించండి, నేరుగా మోగుతుంది, సమస్య తీరిపోయింది. అనలాగ్ ట్రంకులైతే ఒక ట్రంక్‌ని ఆ ఎక్స్‌టెన్షన్ మీదే ల్యాండ్ అయ్యేలా పెట్టండి. ఇక్కడ ఒకటి మర్చిపోవద్దు, ఈపీఏబీఎక్స్‌ల్లో పగలు ల్యాండింగ్ వేరు, నైట్ మోడ్ ల్యాండింగ్ వేరు. పగలు టెస్ట్ చేసి అంతా బాగుందని వెళ్లిపోతారు, అర్ధరాత్రి రీడింగ్ కోసం కాల్ వస్తే అది వాచ్‌మన్ రూములో మోగుతుంది, ఆయన ఎత్తి హలో హలో అంటుంటాడు. రెండు మోడ్‌లలోనూ పెట్టండి.

ఆటో అటెండెంట్ (రికార్డు చేసిన గొంతుతో పలికి ఎక్స్‌టెన్షన్ నంబర్ అడిగేది) గుండా వెళ్లక తప్పకపోతే చేసే మోడెమ్ నంబర్ తర్వాత నాలుగైదు కామాలు పెట్టి ఎక్స్‌టెన్షన్ నంబర్ రాయాలి. గ్రీటింగ్ మధ్యలో అంకెలు తీసుకునేలా అటెండెంట్ ఉండాలి. ఎస్7 అంటే కారియర్ కోసం ఎదురుచూసే సెకన్లు, దాన్ని 90 దాకా పెంచండి. ఇది పనిచేస్తుంది కానీ గ్రీటింగ్ పొడవు మార్చినరోజు కామాల లెక్క తప్పుతుంది.

ఆపరేటర్ ఉన్న టైంలో ఒక్కసారి చేసే పనైతే ఫోన్ ఎత్తి ఆపరేటర్‌ని ఆ ఎక్స్‌టెన్షన్‌కి కలపమనండి, అవతల కీమని టోన్ వినపడగానే మీ మోడెమ్‌లో నంబర్ లేకుండా ఏటీ ఎక్స్3 డీ కొట్టి రిసీవర్ పెట్టెయ్యండి. పాత పద్ధతే, ఇప్పటికీ కలుస్తుంది.

ఎత్తే మోడెమ్‌కి ఎన్నో రింగుకి ఎత్తాలో చెప్పే ఎస్0 ని 1 గానీ 2 గానీ పెట్టడం, ఆ ఎక్స్‌టెన్షన్‌ని పికప్ గ్రూపులోంచి (ఒకరి ఫోన్ మోగితే ఇంకొకరు ఎత్తగలిగే గుంపు) తీసెయ్యడం, ఫార్వర్డ్ లేకుండా చూడడం, ఈ మూడూ తప్పనిసరి.

ప్ర: స్వైపింగ్ మెషీన్ ఎక్స్‌టెన్షన్ మీద కలవట్లేదు.

డయలప్ స్వైపింగ్ మెషీన్‌లో ఉండేది కూడా మోడెమే. దాని మెనూలో పీఏబీఎక్స్ కోడ్ అని ఉంటుంది, అక్కడ 0, తర్వాత ఆగే గుర్తు పెట్టాలి. ఆ మెనూకి పాస్‌వర్డ్ బ్యాంకు ఇంజనీర్ దగ్గర ఉంటుంది, ఆయన్ని పిలవాల్సిందే. ఈ మెషీన్లు ఎక్కువగా 1200 లేదా 2400 బీపీఎస్ (సెకనుకి బిట్లు) స్పీడులో మాట్లాడతాయి, పాతవని కాదు, పంపేది చిన్న మెసేజ్, ఎక్కువ స్పీడుకి హ్యాండ్‌షేక్‌కే (మోడెమ్‌లు ముందు ఒప్పందానికి రావడానికే) పది సెకన్ల పైన పోతుంది, కౌంటర్ దగ్గర కస్టమర్ నిలబడి ఉంటాడు కదా. తక్కువ స్పీడు కాబట్టి ఈపీఏబీఎక్స్‌ని కూడా బాగానే తట్టుకుంటాయి. సాయంత్రం అన్ని ట్రంకులూ బిజీగా ఉన్నప్పుడు కలవకపోతే దానికి ఒక ట్రంక్ రిజర్వ్ చేయండి.

ప్ర: ఫ్యాక్స్‌కి కూడా ఇవే రూల్సా?

అవే. మామూలు ఫ్యాక్స్ 14.4 కేబీపీఎస్ దాకా వెళ్తుంది, పేజీలు మధ్యలో ఆగుతుంటే 9600 బీపీఎస్‌కి తగ్గించండి.

ప్ర: మా ల్యాండ్‌లైన్‌ని ఫైబర్‌కి మార్చారు, అప్పట్నుంచి మోడెమ్ చచ్చినట్టు పడుంది.

ఇప్పుడు అందరికీ వస్తున్న సమస్య ఇది, రాగి లైన్లు తీసేసి ఫైబర్ వేస్తున్నారు, ఫోన్ ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి కలిసే డబ్బా) వెనక సాకెట్ నుంచి వస్తోంది, సిప్ ట్రంక్ (ఐపీ నెట్‌వర్క్ మీద వచ్చే ట్రంక్) పెట్టుకున్న ఆఫీసుల్లోనూ ఇదే. అది లోపల ఐపీ కాల్. శబ్దాన్ని ప్యాకెట్లుగా కోసి పంపుతుంది, ఒక ప్యాకెట్ పోయినా చెవికి తేడా తెలీదు, మోడెమ్‌కి మాత్రం రీట్రెయిన్ లేదా కట్.

ముందు కోడెక్, అంటే గొంతుని డిజిటల్‌గా మార్చే పద్ధతి, చూడండి. జి.729 అయితే ఆశ వదులుకోండి, అది 64 కేబీపీఎస్ గొంతుని 8కి కుదిస్తుంది, మనిషి గొంతు నమూనా ప్రకారం కుదిస్తుంది, మోడెమ్ కూత ఆ నమూనాలో ఇమడదు. జి.711 ఏ-లా పెట్టించండి. తర్వాత మాటల మధ్య నిశ్శబ్దాన్ని పంపకుండా ఆపే సెట్టింగ్ తీయించండి, జిట్టర్ బఫర్‌ని (ప్యాకెట్లు ఆలస్యంగా వచ్చినా సర్దే నిల్వ) మారకుండా ఒకే సైజులో స్థిరంగా ఉంచమనండి, ప్రతిధ్వనిని తీసేసే ఎకో క్యాన్సిలర్ ఆఫ్ చేయించండి. మామూలుగా మోడెమ్ ఎత్తగానే వేసే 2100 హెర్ట్జ్ టోన్ వినగానే నెట్‌వర్క్ ఎకో క్యాన్సిలర్లు వాటంతటవే పక్కకి తప్పుకోవాలి, కొన్ని చౌక డబ్బాలు ఆ మర్యాద పాటించవు. ఇవన్నీ చేసి మోడెమ్ స్పీడుని 9600కో 2400కో కట్టేస్తే చాలావరకు కలుస్తుంది. ఫ్యాక్స్‌కైతే టి.38 అని విడిగా పద్ధతి ఉంది, మోడెమ్‌కి వి.150.1 ఉంది కానీ రెండు చివర్లా పరికరాలు సపోర్ట్ చేయాలి.

నిజం చెప్పాలంటే ఇక్కడ మీటర్, అలారం లాంటివాటికి 4జీ మోడెమ్‌కి గానీ ఈథర్‌నెట్‌కి గానీ మారడం మంచిది. ఫైర్ అలారం లైన్ "చాలావరకు" కలిస్తే చాలదు, ప్రాణాల విషయం, ఫైబర్‌కి మార్చిన రోజే ప్యానెల్ నుంచి టెస్ట్ కాల్ చేయించి చూసుకోండి.

ప్ర: సిమ్‌తో నడిచే జీఎస్ఎం గేట్‌వే ట్రంక్ మీద మోడెమ్ కలుస్తుందా?

కలవదు. సెల్‌ఫోన్ వాయిస్ ఛానెల్ కూడా గొంతునే కుదిస్తుంది.

ప్ర: అదే లైన్ మీద ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంది.

ఫోన్‌ని, బ్రాడ్‌బ్యాండ్‌ని విడదీసే స్ప్లిటర్‌ని ఈపీఏబీఎక్స్ ట్రంక్ పోర్టుకి ముందు పెట్టండి. ఎక్స్‌టెన్షన్ దగ్గర, మోడెమ్ పక్కన పెడితే లాభం లేదు.

ప్ర: వైరింగ్‌లో ఏం చూడాలి?

హైదరాబాద్ బిల్డింగుల్లో ఎండీఎఫ్ ఎక్కువగా సెల్లార్‌లో, లిఫ్ట్ పక్కనో ట్రాన్స్‌ఫార్మర్ గది పక్కనో ఉంటుంది. వానాకాలంలో ఎండీఎఫ్‌లో వైర్లు దింపే ఆ క్రోన్ బాక్స్ మూత తీసి చూడండి, మాడ్యూల్ పళ్ల మధ్య పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, జంపర్ వైరు పట్టుకుని లాగితే చేతికొచ్చేస్తుంది. మాటకి ఇది చాలు, కొంచెం గరగర అంతే. మోడెమ్ మాత్రం ఆ గరగరలోనే చస్తుంది. ఆ పెయిర్‌ని కొత్త మాడ్యూల్ మీదకి మార్చి పంచింగ్ టూల్‌తో సరిగ్గా దింపండి, స్క్రూడ్రైవర్‌తో నొక్కొద్దు, పళ్లు వదులైపోతాయి.

మోడెమ్ లైన్‌కి పారలల్ ఫోన్ ఉండకూడదు, ఎవరో ఎత్తితే అయిపోయినట్టే. ట్యూబ్‌లైటు చోక్, కరెంటు కేబుల్ పక్కన మీటర్ల కొద్దీ కట్టిన ఫ్లాట్ వైరు వద్దు, మెలిపెట్టిన పెయిర్ వాడండి.

పిడుగుల సీజన్‌కి ఎండీఎఫ్ మీద జీడీటీలు (పిడుగు వోల్టేజీని భూమిలోకి మళ్లించేవి) వేయించి, వాటి ఎర్తింగ్ నిజంగా భూమిలోకి వెళ్తోందో లేదో కొలిపించండి. మోడెమ్ ఒకపక్క ఫోన్ లైన్‌కి, ఇంకోపక్క కంప్యూటర్‌కి, దాని ద్వారా పవర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది, రెండు ఎర్త్‌ల మధ్య తేడా వచ్చినప్పుడు బలయ్యేది అదే.

ప్ర: తప్పు ఈపీఏబీఎక్స్‌దా, బయటి లైన్‌దా, మోడెమ్‌దా? ఒకళ్ల మీద ఒకళ్లు తోసేస్తున్నారు.

రెండు మోడెమ్‌లు రెండు ఎక్స్‌టెన్షన్ల మీద పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి ఇంటర్‌కమ్ కాల్ చేయండి. 33.6గానీ 31.2గానీ వచ్చి అరగంట నిలబడితే ఈపీఏబీఎక్స్, లోపలి వైరింగ్ బాగున్నట్టే, ఇక ట్రంక్ మీద దృష్టి పెట్టండి. లోపలే సరిగ్గా లేకపోతే బయటివాళ్లతో గొడవ దండగ. తర్వాత ట్రంక్ వైరుని ఈపీఏబీఎక్స్‌లోంచి పీకి మోడెమ్‌కి డైరెక్టుగా పెట్టి చూడండి. ఈ రెండు పరీక్షలతో చాలా వాదనలు అక్కడికక్కడే తీరిపోతాయి.

కాల్ అయిపోయాక మోడెమ్‌నే అడగండి, యూఎస్ రోబోటిక్స్‌లో ఏటీ ఐ6, ఐ11, కోనెక్సెంట్ చిప్ ఉన్నవాటిలో ఏటీ అండ్ వీ1 కొడితే పోయిన కాల్ స్పీడు, ఎన్ని రీట్రెయిన్‌లు, ఎందుకు తెగింది చెప్తుంది. ఆ కాగితం ప్రింట్ తీసి కంప్లయింట్‌కి జతచేస్తే అవతలివాళ్లు వినే తీరు మారుతుంది.

ప్ర: ఎప్పుడూ ఎత్తడానికి సిద్ధంగా ఉండే మోడెమ్ ప్రమాదం కాదా?

ప్రమాదమే. అది ఫైర్‌వాల్‌ని దాటి లోపలికి వచ్చే దారి, ఆఫీసులో ఎవరి లిస్టులోనూ ఉండదు. ముఖ్యంగా ఈపీఏబీఎక్స్ మెయింటెనెన్స్ పోర్టుకి తగిలించిన మోడెమ్. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేస్తే బయటివాళ్లు లోపలికొచ్చి డిసా (బయట్నుంచి కాల్ చేసి మీ ట్రంకులు వాడుకునే సౌకర్యం) తెరిచి మీ ట్రంకుల మీద ఐఎస్డీ కాల్స్ చేసుకుంటారు, బిల్లు మీకొస్తుంది. పాస్‌వర్డ్ మార్చండి, తిరిగి మీ నంబర్‌కే కాల్ చేసే కాల్‌బ్యాక్ పెట్టండి, మోడెమ్ పోర్టుకి ఐఎస్డీ బార్ చేయండి, మెయింటెనెన్స్ అవసరం లేనప్పుడు ఆ మోడెమ్ పవర్ తీసి ఉంచండి. సర్వీస్ ఇంజనీర్ ఫోన్ చేసినప్పుడు ఆన్ చేస్తే సరిపోతుంది, ఆయన విసుక్కున్నా సరే.

ప్ర: ఇంత తలనొప్పి ఎందుకు, డైరెక్ట్ లైన్ తీసుకుంటే పోదా?

రోజూ గంటలకొద్దీ వాడేదైనా, ప్రాణానికో డబ్బుకో సంబంధించిందైనా డైరెక్ట్ లైనే తీసుకోండి, నెలవారీ అద్దె దండగ అనుకోకండి. రోజుకి రెండుసార్లు రీడింగ్ తీసే మోడెమ్‌కి, వారానికోసారి ఫైలు పంపేదానికి ఎక్స్‌టెన్షన్ చాలు.

మధ్యేమార్గం కూడా ఉంది. చాలా ఈపీఏబీఎక్స్‌ల్లో పవర్ ఫెయిల్ ట్రాన్స్‌ఫర్ పోర్టు ఉంటుంది, కరెంటు, యూపీఎస్ రెండూ పోయినప్పుడు ఒక ట్రంక్‌ని రిలే ద్వారా ఒక ఎక్స్‌టెన్షన్‌కి నేరుగా కలిపేస్తుంది. అలారం మోడెమ్‌ని ఆ ఎక్స్‌టెన్షన్ మీద పెడితే ఈపీఏబీఎక్స్ ఆగిపోయినా లైన్ ఉంటుంది. కాకపోతే అప్పుడు ముందు 0 కొడితే తప్పు నంబర్‌కి పోతుంది, అందుకని ప్యానెల్‌లో మొదటి నంబర్ 0తో, రెండో నంబర్ 0 లేకుండా, రెండూ పెట్టి ఉంచండి.